మోటారు నుదుటి బొట్టు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో ఆగకుండా తిరిగే చక్రం ఉంది. ఎవరూ చల్లార్చలేని వేడి ఉంది. ఒక ఆడబిడ్డ పరువు ఉంది. కొండంత పట్టుదల గల పెద్దమనిషి ఉన్నాడు. వానరసేన కూడా ఉంది, అదీ రెండు పూటలా. ఇంతకన్నా ఎక్కువ సరుకు ఏ గాథలోనూ దొరకదు.

కాకపోతే ఆ చక్రం పిండిగిర్ని పుల్లీ. వేడి జొన్నపిండిది. పెద్దమనిషి మా బాపు. వానరసేన వచ్చేది మా డాబా మీది నీళ్ల ట్యాంకు మూత కోసం. పరువు మాత్రం నిజంగా పరువే, మా వదినది. కాబట్టి గాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది ఇచ్చోడలో మా గిర్నికి మోటారు మార్చిన ముచ్చట.

మా వదినది పెద్దపల్లి వైపు. కాలువ నీళ్లు, వరి పొలాలు, పూటపూటకూ అన్నం. జొన్నరొట్టె అంటే వాళ్లకు షుగర్ వచ్చాక డాక్టరు రాసే మందు. మాకేమో అదే తిండి. పెళ్లై వచ్చిన కొత్తలో వదిన తట్టిన మొదటి రొట్టె పెనం మీద పడేసరికే ముక్కలైంది. అన్నదమ్ములు కూడా ఆస్తిని అంత తొందరగా పంచుకోరు.

కానీ వదిన మొండిది. మేము అవ్వ అని పిలిచే మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకుంది. మరిగే నీళ్లు పోసి పిండి కలపడం, అరచేతి మొదలుతో మెదపడం, పీట మీద తిప్పుతూ అంచులు చీలకుండా తట్టడం, చేతుల మీదికి ఎత్తుకుని పెనం మీద పరచడం. చివరికి ఒకనాడు రొట్టె నిండుగా పొంగింది. మస్కట్‌లో పనిచేసే మా అన్నకు వీడియో కాల్‌లో ఆ రొట్టెను చూపించాం. మా అన్న కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ ఉల్లిగడ్డలు కోస్తున్నాడని తర్వాత తెలిసింది.

ఆ ఊపులో వదిన వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి మేమందరం విన్నాం.

"నువ్వా? రొట్టెనా?" అంది వాళ్లమ్మ. "ఇంట్ల ఉన్నప్పుడు ఉప్మా చేస్తే గోడకు సిమెంటు గిలాబు చేసినట్టుండె."

"నిజంగనే నేర్చిన అవ్వా."

"దసరా పోయినంక ఆదివారం నేను, మీ బాపు వస్తం. మా ముంగట తట్టు. మీ వదినెలు గూడ ఫోన్ల చూస్తరట. నీతోని అయితదంటే వాళ్లొక్కరు గూడ నమ్ముతలేరు."

వదిన ముఖంలో రంగు మారింది. పెద్దపల్లిలో ఆమెకు ముగ్గురు వదినెలు. ముగ్గురూ ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని నవ్వితే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. "రానీ, చూపిస్త," అంది గట్టిగా. ఫోన్ పెట్టాక నావైపు తిరిగి మెల్లగా, "తమ్మీ, ఆ దినం ఇరగదు గదా?" అంది.

సరిగ్గా ఆ వారమే మా గిర్ని మోటారు కాలిపోయింది.

అది చాలా పాతది. ఇదివరకు రెండుసార్లు వైండింగ్ చేయించాం. ఈసారి పొగ చూసి బాపు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆదిలాబాద్ పోయి, ఒక జిన్నింగ్ మిల్లులో పక్కన పడేసిన మోటారు పట్టుకొచ్చాడు. అదే హార్స్‌పవర్, మంచి కండిషన్. దాంతోపాటు దాని పుల్లీ కూడా వచ్చింది, నాలుగు అంగుళాలది.

బాపు ఆ పుల్లీని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"గింత పెద్ద మోటర్‌కు గీ బుడ్డ పుల్లీ ఏందిరా? పహిల్వాన్‌కు గాజులు తొడిగినట్టున్నది."

"దానికి అదే ఉండె గదా బాపు."

"వాళ్లది పత్తి. మనది పిండి. మన పుల్లీ మనకున్నది." పాత మోటారు నుంచి ఆరు అంగుళాల పుల్లీని ఊడదీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. "గిది మన ఇంటి లచ్మి. గీ పుల్లీ మీదనే మీ అన్న పెండ్లి అయింది."

"అన్న పెండ్లి ఫంక్షన్ హాల్ల అయింది బాపు. నేనున్న."

"నోర్మూసుకుని పానా అందియ్."

నేను కరీంనగర్‌లో ఐటీఐ చదివాను, ఎలక్ట్రీషియన్ ట్రేడు. మరి నువ్వెందుకు ఆపలేదని అడుగుతారేమో. మా బాపును మీరు చూడలేదు. పైగా రెండు మోటార్ల ఇరుసులూ ఒకే లావు. లచ్మి కొత్త మోటారుకు ఏ పేచీ లేకుండా ఎక్కి కూర్చుంది. ఇనుముకు సెంటిమెంట్లు తెలియవు, రంధ్రం సరిపోతే చాలు. నాలుగు అంగుళాల పుల్లీ డాబా ఎక్కి ట్యాంకు మూత మీద బరువయింది. అంతకుముందు అక్కడ ఇటుక ఉండేది. కోతులు దాన్ని తీసి పక్కన పెట్టడం నేర్చుకున్నాయి. మూత తీసి, నీళ్లలో మూతులు కడుక్కుని, మూత మళ్లీ పెట్టకుండా పోయేవి.

దసరా వచ్చింది. మోటారుకు పూజ చేశాం. బొట్టు పెట్టడానికి దానికి నుదురు కావాలి కదా. గుండ్రటి ఒళ్లంతా గీతలు గీతలుగా ఉంటుంది, పసుపు నిలవదు. నున్నగా, పలకలాగా ఉన్నది ఒక్కటే చోటు, కంపెనీ వాళ్లు వివరాలు చెక్కిన రేకు. అవ్వ ఆ రేకు నిండా పసుపు పూసి, మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టింది. పాత మోటారుకూ అట్లాగే పెట్టేది. మా గిర్నిలో ఏ మోటారు వివరాలూ దసరా దాటి బతకలేదు.

ఇక గిర్ని నడిచిన తీరు చెప్పాలి. ఇదివరకు అది "ఘుం ఘుం" అని మూలిగేది, తిన్నాక కునుకు తీసే మామయ్యలాగా. ఇప్పుడు "ఝుయ్య్" మంటోంది. బాపు ముఖం వెలిగిపోయింది. గంపలతో వరుసలో కూర్చునే ఆడవాళ్లకు మాత్రం కొంచెం నిరాశ. ఒక ముచ్చట మొదలై, అందులో అత్త ప్రవేశించకముందే పిండి అయిపోతోంది. పిండి డబ్బా పట్టుకుంటే వేడిగా తగులుతోంది.

"గరం గరం తీస్కపోండ్రి," అనేవాడు బాపు, మిర్చి బజ్జీల బండివాడిలాగా.

అప్పటినుంచి ఊళ్లో రొట్టెలు విరగడం మొదలైంది.

మొదట మా ఇంట్లోనే. వదిన తట్టిన రొట్టె అంచులు చీలాయి, ఎత్తితే మధ్యలో రెండయింది. ఇంకోటి తట్టింది, అదీ అంతే. వదిన కళ్లలో నీళ్లు చూసి అవ్వ, "జరుగు, నేను చేస్త," అని పీట ముందు కూర్చుంది. నలభై ఏళ్ల చేయి అది. ఆ చేతిలో కూడా రొట్టె విరిగింది. అవ్వ ఆ ముక్కల వైపు చూసి, "దిష్టి," అని తీర్పు చెప్పింది.

మరునాటికి ఊళ్లో ఎవరి కారణం వాళ్లకు దొరికింది. సగం ఇళ్లల్లో కోడళ్లదే తప్పు. మిగతా సగం ఇళ్లల్లో కోడళ్లు లేరు కాబట్టి నల్లా నీళ్లది తప్పు. ఒకాయన పిండి కలపడానికి క్యాను నీళ్లు కొనుక్కొచ్చాడు. రొట్టె విరిగింది కానీ శుద్ధంగా విరిగింది. మేమందరం ఆయి అని పిలిచే మరాఠీ ముసలమ్మ గిర్నికి వచ్చి, "అరె బాబా, గీసారి జొన్నలల్ల జీవం లేదు," అని నిట్టూర్చి, మళ్లీ అవే జొన్నలు పిండి పట్టించుకుని పోయింది.

ఆదివారం దగ్గరికొస్తోంది. వదిన అన్నం సరిగా తినడం లేదు. రొట్టె అసలే లేదు కాబట్టి తినే మాటే రాదు.

శనివారం పొద్దున పెరట్లోంచి గరగరమని చప్పుడు వచ్చింది. పోయి చూస్తే వదిన ఇసుర్రాయి ముందు కూర్చుని, కొంగు నడుముకు చుట్టి, రెండు గుప్పెళ్ల జొన్నలు విసురుతోంది. పెళ్లిళ్లలో పసుపు విసరడానికి తప్ప దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. ఆ పిండితో రొట్టె తట్టింది. అంచు చీలలేదు. చేతుల మీదికి ఎత్తింది. విరగలేదు. పెనం మీద వేసి, పైన నీళ్లు రాసి తిప్పింది. పొంగింది.

వదిన ఆ రొట్టెను పళ్లెంలో పెట్టుకుని గిర్నిలోకి నడిచింది. వెనక అవ్వ, ఆమె వెనక నేను.

"మామా," అంది వదిన. "అవే జొన్నలు. అవే నల్లా నీళ్లు. అదే పెనం. అవే చేతులు. ఇసుర్రాయి పిండి ఇరుగుతలేదు. గిర్ని పిండి ఇరుగుతుంది."

దోషులందరూ నిర్దోషులయ్యాక మిగిలింది ఒక్కరే. ఆయన కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు.

"రొట్టె చేతిల ఉంటది బిడ్డా, గిర్నిల ఉండదు," అన్నాడు బాపు, పేపర్ దించకుండా.

"పిండి కాలుతుంది మామా. డబ్బా ముడితే చెయ్యి సుర్రుమంటుంది. పిండి ఈడనే ఉడికితే ఇగ జిగట ఏడుంటది?"

బాపు పేపర్ దించాడు. కోడలు తర్కం మాట్లాడితే ఆయనకు కొంచెం భయం. "రాయి మొద్దువారింది కావచ్చు," అన్నాడు. ఆ సాయంత్రమే రాతికి కొత్తగా గాట్లు పెట్టించాడు. ఆదివారం పొద్దున గిర్ని వేస్తే పిండి ఎప్పటిలాగే మండుతోంది. మోటారు కూడా మండుతోంది. బాపు ఇంట్లోంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి మోటారు వైపు తిప్పాడు. మోటారు లోపల కూడా ఒక ఫ్యాన్ ఉంటుందనీ, దాని జాలీ నిండా పిండి పేరుకుని అది ఊపిరాడక ఉందనీ మాకెవరికీ తట్టలేదు. కాసేపటికి స్టార్టర్ "టక్" మని పడిపోయింది. గిర్ని ఆగింది.

అప్పుడే వదిన ఫోన్ మోగింది. "జగిత్యాల దాటినం బిడ్డా," అంది వాళ్లమ్మ.

నేను బస్టాండు దగ్గరి రివైండింగ్ చాచా దగ్గరికి బండి మీద పోయాను. మా పాత మోటారుకు వైండింగ్ చేసింది ఆయనే. కొత్తది బిగించినప్పుడు ఆయన కూతురి పెళ్లి పనుల మీద ఊళ్లో లేడు. గొప్పలు చెప్పుకోవడంలో జిల్లాలో ఆయనకు పోటీ లేదు. దారిపొడవునా, ఇంద్రవెల్లిలో చచ్చిన మోటారును తాను ఎలా బతికించాడో చెబుతూనే వచ్చాడు.

వచ్చి మోటారు మీద చేయి పెట్టి, వెంటనే తీశాడు.

"యా అల్లా! గిది మోటరా, తందూరా? గీడనే రెండు రొట్టెలు కాల్చుకోవచ్చు గదా అన్నా."

"కాల్చినా ఇరుగుతయ్ చాచా," అంది వదిన.

"నిమిషానికి చుట్లు, ఆర్పీఎం, ఎంతున్నది?"

"మస్తున్నది," అన్నాడు బాపు.

చాచా నావైపు చూశాడు. నేను మోటారు నుదుటి వైపు చూశాను. పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద పిండి, ముగ్గురూ కలిసి సిమెంటులాగా గట్టిపడ్డారు. నేను స్క్రూడ్రైవర్ తీశాను.

"ఆగు!" అంది అవ్వ. "బొట్టును ఇనుముతోని గీకుతవా?"

మోటారు సౌభాగ్యం సంగతి తేలేవరకు పని ఆగింది. చివరికి అవ్వే తడిగుడ్డ తెచ్చి, చెంపలు వేసుకుని, తన చేత్తో మెల్లగా తుడిచింది. పసుపు కింద నుంచి ఒక్కో అంకె బయటికొచ్చింది. ఒకటి. నాలుగు. నాలుగు. సున్నా.

చాచా తల పట్టుకున్నాడు. "పద్నాలుగు వందల నలభై! అరె అన్నా, నీ పాతది తొమ్మిది వందల అరవై. నా చేతులతోని చుట్టిన, నాకు తెల్వదా? అది నడిచెటోడు, ఇది ఉరికెటోడు. ఇద్దరికి ఒక్కటే చెప్పు తొడిగితే ఎట్ల?"

లెక్క చాలా సులువు. మోటారు తిరిగే వేగాన్ని దాని పుల్లీ సైజుతో గుణిస్తే ఎంతో, రాయి తిరిగే వేగాన్ని దాని పుల్లీ సైజుతో గుణించినా అంతే రావాలి. మా రాతి పుల్లీ పది అంగుళాలు. బల్ల మీద పేరుకున్న పిండిలో వేలితో రాశాను. పాత మోటారు, ఆరు అంగుళాలు: రాయి నిమిషానికి ఐదువందల డెబ్బై ఆరు చుట్లు. కొత్త మోటారు, అదే ఆరు అంగుళాలు: ఎనిమిదివందల అరవై నాలుగు. అంటే రాయి ఒకటిన్నర రెట్లు ఉరుకుతోంది, పిండిని మాడుస్తోంది, మోటారు మోయలేని బరువు మోస్తోంది.

"అదే నాలుగు అంగుళాలదైతే?" అంది వదిన నా భుజం మీదుగా.

రాశాను. ఐదువందల డెబ్బై ఆరు.

ముందటి అంకే, ఒక్క చుట్టు కూడా తేడా లేదు. మోటారుతోపాటు వచ్చిన ఆ బుడ్డ పుల్లీ మా గిర్ని కోసమే పుట్టినట్టుంది. నిజం చెప్పాలంటే నా ఒళ్లు జలదరించింది. తర్వాత టేబుల్ ఫ్యాన్ గాలి అని గ్రహించి దాన్ని ఆపేశాను.

"అంటే నా పుల్లీ తప్పు లేదు," అన్నాడు బాపు.

"పుల్లీ బంగారం అన్నా. జోడీ కుదరలే. ఆ చిన్నది ఏడున్నది?"

అందరం పైకి చూశాం.

డాబా మీద కోతులు ఉన్నాయి. పిట్టగోడ మీద వరుసగా కూర్చుని, ఏదో జరగబోతోందని వాటికీ అర్థమైనట్టు చూస్తున్నాయి. పుల్లీ తీస్తే మూత పోతుంది. పక్కన ఇంకే బరువూ లేదు. ఇటుక తెస్తే వాటికి నవ్వులాట. అప్పుడు మా బాపు ఇంటి పెద్దగా ఒక నిర్ణయం తీసుకున్నాడు. లుంగీ ఎగ్గట్టి, ట్యాంకు ఎక్కి, మూత మీద కూర్చున్నాడు.

"తీస్కపో," అన్నాడు. "నేను కదల్తే అడుగు."

కింద చాచా పని మొదలుపెట్టాడు. పెద్ద పుల్లీని సుత్తితో కొట్టబోయిన నా చేతి మీద ఒకటేసి, పుల్లర్ బిగించి మెల్లగా లాగాడు. సుత్తితో కొడితే లోపలి బేరింగు దెబ్బతింటుందట. ఫ్యాను జాలీ విప్పితే పిండి ముద్దలు ముద్దలుగా రాలింది. పొడి బ్రష్‌తో దులిపించాడు, నీళ్లు తగలనివ్వలేదు. బేరింగు మూత తీసి మళ్లీ తల పట్టుకున్నాడు. దసరాకు బాపు గ్రీజు పొంగిపొర్లేలా కూరాడు.

"గ్రీజు గూడ నైవేద్యం అనుకున్నడా మీ బాపు? దానికి సందు ఉండాలె. మూడోవంతు నింపితే బస్. నిండ కూరితే అదే వేడెక్కుతది."

"గ్రీజు ఇంకింత పెట్టుమను, మళ్ల అడగకుండ!" అని పైనుంచి బాపు కేక వేశాడు. మా మాటలు సగమే వినబడుతున్నాయి ఆయనకు.

రెండు పుల్లీలూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూడటానికి దారం కావాలన్నాడు చాచా. అవ్వ పూలు కట్టే దారం ఇచ్చింది. అంచు నుంచి అంచుకు దారం లాగి, అది నాలుగుచోట్లా ఆనేవరకు మోటారును జరిపించాడు. "వంకర ఉంటే బెల్టు ఒక దిక్కే అరుగుతది," అన్నాడు. కరెంటు వైర్ల నట్లు ఒకసారి బిగించాడు. ఈలోగా ఫోన్ మోగుతూనే ఉంది. నిర్మల్‌లో చాయ్ తాగారట. ఘాట్ రోడ్డు ఎక్కారట. వాళ్ల బాపుకు కడుపులో తిప్పిందట. వాళ్లమ్మ ఒక్కో ఊరు చెబుతుంటే వదిన ఒక్కో గిన్నె సర్దుతోంది.

మేము స్టార్టర్ నొక్కే సమయానికి ఆటో వచ్చి ఆగింది. వదిన బాపు దిగి, తల పైకెత్తి, ట్యాంకు మీద కూర్చున్న వియ్యంకుణ్ని చూశాడు.

"ఏం బావా, గక్కడేం జేస్తున్నవ్?"

"ఏం లేదు బావా. గాలికి కూసున్న," అన్నాడు మా బాపు, పక్కన కోతి.

పెద్ద పుల్లీ ఊడి అప్పటికి చాలాసేపయింది. దాన్ని పైన పెట్టి బాపును దించవచ్చని ఎవరికీ గుర్తు రాలేదు.

గిర్ని "ఘుం ఘుం" అంది. పాత మామయ్య తిరిగొచ్చాడు. వదిన పిండిలో చేయి పెట్టి, అట్లాగే ఉంచి, నావైపు చూసి నవ్వింది. గోరువెచ్చన, అంతే.

వంటింట్లో పీట ముందు కూర్చుంది. ఎదురుగా వాళ్లమ్మ చేతులు కట్టుకుని. ఒక ఫోన్‌లో మా అన్న, ఇంకో ఫోన్‌లో పెద్దపల్లి వదినెలు ముగ్గురూ, ఒకరినొకరు తోసుకుంటూ. కిటికీ దగ్గర ఆయి, ఆమె వెనక ఇంకో నలుగురు పిండి గంపలతో. వదిన పిండి కలిపింది. మెదిపింది. తట్టింది. రొట్టె తిరుగుతూ తిరుగుతూ పళ్లెమంత అయింది. అంచు చీలలేదు. రెండు చేతుల మీదికి ఎత్తింది. కిటికీ దగ్గరి గంపలన్నీ ముందుకు జరిగాయి. సరిగ్గా అప్పుడే రెండు ఫోన్లలోనూ నెట్‌వర్క్ ఆగిపోయింది. మస్కట్, పెద్దపల్లి రెండూ నోళ్లు తెరిచి బొమ్మల్లా నిలిచిపోయాయి.

రొట్టె పెనం మీద పడింది. విరగలేదు. పొంగింది. కిటికీ దగ్గర ఆయి ఈల వేసింది. ఆమెకు ఈల వచ్చని మాకు అంతవరకు తెలియదు.

వదిన వాళ్లమ్మ ఆ రొట్టెను పట్టుకుని మడిచి చూసింది, తెరిచి చూసింది. తుంచి, పచ్చిమిర్చి తొక్కు అద్దుకుని నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది.

"ఉప్పు జర తక్కువైంది," అంది.

వదిన ముఖం దీపంలాగా వెలిగింది. వాళ్లమ్మ భాషలో ఇంతకన్నా పెద్ద మెప్పు లేదట. నెట్‌వర్క్ వచ్చింది. "అయిందా? ఇరిగిందా?" అని ముగ్గురు వదినెలూ ఒకేసారి అరిచారు. వాళ్లమ్మ ఫోన్ అందుకుని, "ఇరుగుడు లేదు, గిరుగుడు లేదు. మీ ముగ్గురు వచ్చి దీని దగ్గర నేర్సుకోండ్రి," అంది. వదిన పొయ్యి వైపు తిరిగి చాలాసేపు మంట సరిచేసింది. అది గ్యాసు పొయ్యి.

వాళ్ల బాపు ఒక రొట్టె పూర్తిగా తిన్నాడు. చేయి నాకాడు. తృప్తిగా కూతురి వైపు చూశాడు.

"మస్తున్నది బిడ్డా. ఇగ అన్నం పెట్టు."

ఆ సాయంత్రం ఆరు అంగుళాల లచ్మి బొట్టు పెట్టించుకుని డాబా ఎక్కింది. నాలుగు అంగుళాలదాని కన్నా బరువు ఎక్కువ కాబట్టి కోతులు ఒకసారి ప్రయత్నించి, మా బాపు కోసం చుట్టూ చూసి పోయాయి. మోటారు నుదుటి మీద అవ్వ ఇప్పుడు బొట్టు పెట్టడం లేదు. పక్క గోడకు పెడుతోంది. మోటారు చల్లగా నడుస్తోంది. ఊళ్లో కోడళ్లందరూ నిర్దోషులుగా విడుదలయ్యారు.

మీకూ ఎప్పుడైనా మోటారు మార్చే పని పడితే ఒక్క మాట: పుల్లీ చిన్నదైతే అదే బెల్టు వదులవుతుంది, కొత్తది కొననక్కర లేదు. మోటారును కొంచెం వెనక్కి జరిపితే సరిపోతుంది. దాని కింది నాలుగు బోల్టులకూ పందొమ్మిది నంబరు పానా పడుతుంది.